అన్నం పెట్టేవాళ్ళని అడిగే డాక్టరు: మా రాయగడ క్లినిక్ సంగతి

ఫీజెంత, ఏ టీకా ఎప్పుడు అన్నవి ఒడిశాలోని మా రాయగడలో కుక్కని పెంచే వాళ్ళందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మా రాణి కూనగా ఉన్నప్పట్నుంచీ ఈ క్లినిక్కే. డబ్బు తీసేది నేనే అయినా ఇక్కడి డాక్టరు ముందుగా మాట్లాడేది మా అమ్మతో. నన్ను ఇన్నేళ్ళూ ఇక్కడ కట్టిపడేసింది అదొక్కటే. అంతకుముందు వెళ్ళిన ఓ పెద్ద ఊరి ఆసుపత్రిలో అమ్మ నోరు తెరిస్తే "మీరు కూర్చోండమ్మా" అనేవారు.

మొన్న శ్రావణంలో రాణి తిండి మానేసింది. వాంతుల్లేవు, జ్వరం పెద్దగా లేదు. డాక్టరు నన్ను నాలుగు మాటలడిగి, "రోజంతా దీన్ని చూసేది ఎవరు?" అన్నాడు. బయట ఆటోలో కూర్చున్న అమ్మని పిలిపించాడు. "నీళ్ళు తెగ తాగేస్తంది బాబూ, గిన్ని నింపడమే తరువాయి. రాత్రిపూట వాకిట్లోనే పోసేస్తంది, ఎప్పుడూ ఇలాగ లేదు" అంది అమ్మ, సగం తెలుగు, సగం ఒడియా. ఎదకెప్పుడొచ్చిందంటే "రథయాత్ర ముందు" అని ఠక్కున చెప్పింది. ఆ మాటతోనే ఆయన చెయ్యి పొట్ట కిందికి పోయింది.

గర్భసంచిలో చీము. పయోమెట్రా అంటారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి ఎద అయిన కొన్ని వారాలకి రావచ్చు. చీము బయటికి కారితే ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది, గర్భసంచి మూతి మూసుకుపోతే ఏమీ కనపడదు, ప్రమాదం ఎక్కువ. రాణిది రెండోదేనని ఆయన అనుమానం. తన దగ్గర స్కాన్ మిషను లేదని ముందే చెప్పేసి, కాగితం తీసి రెండు దారులు రాశాడు: ఇవాళే ఇక్కడ గర్భసంచి, అండాశయాలు తీసెయ్యడం, లేదా సెలైన్ పెట్టించుకుని విశాఖ వెళ్ళి స్కాన్, ఆపరేషన్ రెండూ అక్కడే. ఒక్కోదానికీ ఎంతనుంచి ఎంతదాకా అవుతుందో పక్కనే అంకెలు.

"మందులతో సరిపెట్టలేమా?" అంది అమ్మ.

"చీము లోపలే ఉంటుందమ్మా. సంచి పగలొచ్చు, విషం రక్తంలోకి పోవచ్చు." ముసలి కుక్క కాబట్టి మత్తులోనే పోయే ప్రమాదముందని కూడా ఎవరూ అడక్కుండానే చెప్పాడు. అమ్మ ఇంకా తేల్చుకోలేకపోతుంటే, "మీ కుక్కైతే ఏం చేస్తారు?" అన్నాను. "ఈ రాత్రే కోస్తాను."

కోశాడు. కుట్లు నాకకుండా కాపలా కాసింది అమ్మే. రాణి ఇప్పుడు వాకిట్లో ఎవర్నీ రానివ్వటం లేదు.

అలా తెగేసి చెప్పడం ఆయనకి అలవాటు లేదు. మా పిల్లికి కిడ్నీలు పాడైనప్పుడు ఇదే ప్రశ్న అడిగితే "మీ ఇష్టం" అని ఊరుకున్నాడు. ఆశతో సెలైన్లు ఎక్కిస్తూ పోయాం, దాని బాధ పొడిగించడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఓపిగ్గా వింటాడని ఊరంతా చెప్పేవాణ్ణి, ఆ ఓపికకి మూల్యం బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళే కడతారని ఈమధ్య తరచూ అనిపిస్తోంది. చీకటి పడితే ఫోనెత్తడు, వాట్సాప్‌కి జవాబు మర్నాడే.

మా ఇంట్లో పగలంతా కనిపెట్టుకునుండే మనిషి ఉంది, అందుకే ఈయన పద్ధతి మాకు నప్పింది. ఒంటరిగా ఉంటూ ఉద్యోగానికి పోయేవాళ్ళు ఆయన ప్రశ్నలకి ఏం చెప్తారో మరి. ఆవులూ మేకలూ ఉన్న మా చుట్టాలైతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ కొట్టి బండి రప్పించుకుంటారు, వాళ్ళకి ఈయనతో పనిలేదు. వెళ్ళేవాళ్ళకి ఒకటే మాట: ఆ ఖర్చుల కాగితం అక్కడే చదివించుకోండి, ఆయన రాత కాంపౌండరుకి తప్ప ఎవరికీ అర్థం కాదు.