ప్రెజర్ వెసెల్ ఫ్లాంజ్‌కి ఏ స్టడ్ మేలు: బీ7 లేక స్టెయిన్‌లెస్?

"తుప్పు పట్టదు కదా, స్టెయిన్‌లెస్ వేసేద్దాం" అనే మాట ప్లాంట్ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల్లో తరచూ వినిపిస్తుంది. కార్బన్ స్టీల్ (మామూలు ఉక్కు) ప్రెజర్ వెసెల్ (ఒత్తిడిలో ద్రవమో వాయువో ఉండే ట్యాంకు) మీద మాత్రం ఆ పని వద్దంటాను.

ఫ్లాంజ్ అంటే రెండు భాగాలను కలిపే వెడల్పాటి అంచు; దాన్ని బిగించే, రెండు చివరలా నట్లు వేసే మరల కడ్డీయే స్టడ్. అది చేసేది స్ప్రింగ్ పని. బిగిస్తే కొద్దిగా సాగి, ఆ బలంతోనే రెండు అంచుల మధ్య లీకు ఆపే గాస్కెట్‌ను నొక్కి పడుతుంది. క్రోమ్-మాలిబ్డినం ఉక్కుతో చేసే బీ7 స్టడ్, రెండున్నర అంగుళాల సైజు వరకు, కనీసం 720 మెగాపాస్కల్ ఒత్తిడికి తట్టుకుని తిరిగి మామూలు పొడవుకి వస్తుంది. 304 స్టెయిన్‌లెస్‌తో చేసే బీ8 క్లాస్ 1కి ఆ హద్దు 205 మాత్రమే. చాలా జాయింట్లను 345 దాకా బిగిస్తారు. అంత బిగిస్తే బీ8 శాశ్వతంగా సాగిపోతుంది, తక్కువ బిగిస్తే గాస్కెట్ సరిగా కూర్చోదు.

అసలు చిక్కు వేడెక్కాక మొదలవుతుంది. రెండు నట్ల మధ్య 100 మిల్లీమీటర్ల దూరం ఉందనుకుందాం. బీ8ని 150 మెగాపాస్కల్ దగ్గర ఆపితే అది సాగేది సుమారు 0.08 మిల్లీమీటర్లు. వెసెల్ 200 డిగ్రీలు వేడెక్కితే, ఫ్లాంజ్ కంటే స్టెయిన్‌లెస్ స్టడ్ దాదాపు 0.09 ఎక్కువ పొడవు పెరుగుతుంది. అంటే బిగింపంతా పోయినట్టే. గాస్కెట్ కాస్త ఉబ్బి ఎంతో కొంత ఆదుకోవచ్చు, అంతే. దీనికి తోడు స్టెయిన్‌లెస్ మరలు ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. యాంటీ-సీజ్ పేస్ట్ పూయకపోతే విప్పేటప్పుడు కోయాల్సిందే.

అలాగని బీ8 పనికిరానిదేం కాదు. స్టెయిన్‌లెస్ ఫ్లాంజ్‌కి, ద్రవ నైట్రోజన్ లాంటి అతి చల్లని సర్వీసుకి అదే సరైనది. బలం కావాలంటే క్లాస్ 2 ఉంది; ముప్పావు అంగుళం వరకు దాని హద్దు 690, సైజు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ స్టడ్‌ను తాకే చోట మాత్రం మామూలు బీ7 కూడా వద్దు. గట్టి ఉక్కు ఆ వాయువుకి పగిలిపోతుంది. అక్కడ గట్టిదనం 235 బ్రినెల్ దాటని బీ7ఎం, దానికి జోడీగా 2హెచ్‌ఎం నట్ వాడాలి. బలం 550కి తగ్గినా 345 బిగింపుకి సరిపోతుంది. స్టోర్ నుంచి తెచ్చుకునేటప్పుడు స్టడ్ చివర చెక్కిన గుర్తు చదవండి. చూపుకి బీ7, బీ7ఎం ఒకేలా ఉంటాయి.