లిబ్రెఆఫీస్ క్యాల్క్: ఇఫ్, కౌంట్‌ఇఫ్, సమ్‌ఇఫ్స్ పనులకు ఎంతవరకు నమ్మొచ్చు?

స్కూలు మార్కుల జాబితాకో, కిరాణా బాకీల లెక్కకో డబ్బు కట్టి ఎక్సెల్ కొనాలా అని అడిగేవాళ్లకు సూటిగా చెప్పాలంటే, అక్కర్లేదు. ఉచితంగా దొరికే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో షరతు పెట్టి లెక్క తేల్చే ఫంక్షన్లు దాదాపు అన్నీ ఉన్నాయి. అయితే పేచీ పెట్టేది ఫంక్షన్లు కావు. సెట్టింగుల్లో ఎక్కడో ఉన్న ఒక టిక్కు, అంకెలా కనిపిస్తూ అంకె కాని ఒక సెల్, లెక్క తప్పేలా చేసేవి ఇవే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటి గురించే.

ముందు వెర్షన్ సంగతి. ఇఫ్ (షరతును బట్టి జవాబు), కౌంట్‌ఇఫ్ (షరతుకు సరిపోయేవి ఎన్నో), సమ్‌ఇఫ్ (వాటి మొత్తం), వీలుకప్ (పట్టికలో వెతికి ఎదురుగా ఉన్నది తెచ్చేది) ఎప్పటినుంచో ఉన్నాయి. ఇఫ్స్, స్విచ్, మ్యాక్స్‌ఇఫ్స్, మిన్‌ఇఫ్స్ 2016లో వచ్చిన 5.2లో చేరాయి. వీలుకప్‌కు కొత్త రూపమైన ఎక్స్‌లుకప్, ఇంకా ఫిల్టర్, సార్ట్, యునిక్ కావాలంటే 2024 ఆగస్టులో వచ్చిన 24.8 గానీ, ఆ తర్వాతది గానీ వేసుకోవాలి. మీ కంప్యూటర్లో చక్కగా పనిచేసిన ఎక్స్‌లుకప్ ఫైలు పాత వెర్షన్ ఉన్న ఆఫీసుకు వెళ్తే అక్కడ జవాబు బదులు నేమ్ ఎర్రర్ (ఆ పేరుతో ఫంక్షన్ లేదన్న సందేశం) కనిపిస్తుంది. ఎక్సెల్ 2016, 2019లోనూ ఎక్స్‌లుకప్ లేదు. నలుగురి చేతులు మారే ఫైలైతే వీలుకప్ దగ్గరే ఆగిపోవడం మంచిది. (ఇక్కడ ఫార్ములాలు తెలుగు అక్షరాల్లో రాశాం, టైపు చేసేటప్పుడు ఫంక్షన్ పేర్లు, కాలమ్ అక్షరాలు ఇంగ్లిష్‌లోనే వేయాలి.)

పదో తరగతి మార్కుల షీటు తీసుకుందాం. పాస్ మార్కు 35, హిందీకి మాత్రం 20. బి నుంచి ఎఫ్ వరకు ఐదు సబ్జెక్టులు, జి కాలమ్‌లో హిందీ. చాలామంది ఒక్కో సెల్‌నూ 35తో పోలుస్తూ 'అన్నీ నిజమేనా' అని చూసే ఆండ్ లోపల పేర్చి, దాన్ని ఇఫ్‌లో పెడతారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. కానీ పరీక్షకు రాని పిల్లాడికి ఆ సెల్‌లో 'ఏబి' అని వేస్తే ఆ సబ్జెక్టులో పాస్ అయినట్టే లెక్క! కారణం ఏమిటంటే, అక్షరాలను అంకెతో పోల్చినప్పుడు స్ప్రెడ్‌షీట్ అక్షరాలనే పెద్దవిగా తీసుకుంటుంది. ఇది క్యాల్క్ లోపం కాదు, ఎక్సెల్‌లోనూ ఇంతే. ఇలా రాస్తే ఆ బెడద ఉండదు:

=ఇఫ్(ఆండ్(కౌంట్‌ఇఫ్(బి2:ఎఫ్2;">=35")=5;కౌంట్‌ఇఫ్(జి2;">=20")=1);"పాస్";"ఫెయిల్")

ఇలాంటి షరతుకు కౌంట్‌ఇఫ్ అంకెలను మాత్రమే లెక్కపెడుతుంది. 'ఏబి' అయినా, ఖాళీ సెల్ అయినా లెక్కలోకి రాదు కాబట్టి ఐదు నిండదు, ఫెయిల్ వస్తుంది. గైర్హాజరును విడిగా చూపాలంటే దీని బయట ఇంకో ఇఫ్ వేసి, ముందు కౌంట్‌ఇఫ్(బి2:జి2;"ఏబి")>0 అవునో కాదో అడగాలి.

గ్రేడ్లకు ఇఫ్‌లో ఇఫ్ పెట్టుకుంటూ పోవడం మాకు నచ్చదు. ఏడు ఇఫ్‌లు, ఏడు మూసే బ్రాకెట్లు. ఒక్కటి తప్పితే 508 నంబరు ఎర్రర్. వరుస తప్పినా ముప్పే. ముందుగా 35 దాటిందా అని అడిగితే 95 మార్కులకూ డి గ్రేడే వస్తుంది, ఎందుకంటే మొదట నిజమైన షరతు దగ్గరే లెక్క ఆగిపోతుంది. పక్కన చిన్న పట్టిక వేసుకోవడం మేలు. కె2 నుంచి కిందికి 0, 35, 41, 51, 61, 71, 81, 91. ఎల్ కాలమ్‌లో వాటి ఎదురుగా ఇ, డి, సి2, సి1, బి2, బి1, ఏ2, ఏ1. ఆ తర్వాత =వీలుకప్(బి2;$కె$2:$ఎల్$9;2;1) అంటే చాలు. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పట్టిక చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు ఉండాలి, లేకపోతే ఎర్రర్ ఏదీ చూపకుండానే తప్పు గ్రేడు ఇస్తుంది. డాలర్ గుర్తులు ఉండాలి (పట్టిక రేంజ్‌ను ఎంచుకుని ఎఫ్4 నొక్కితే పడతాయి), లేకపోతే ఫార్ములాను కిందికి లాగినకొద్దీ పట్టిక కూడా ఒక్కో వరుస జారిపోతుంది. హిందీకి గ్రేడు హద్దులు వేరు కాబట్టి దానికి విడిగా ఇంకో పట్టిక వేయాలి.

వీలుకప్ చుట్టూ ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ వస్తే దాని బదులు మనం చెప్పింది చూపేది) తొడగడం ఒక అలవాటైపోయింది. ఫంక్షన్ పేరులో అక్షరం తప్పినా అది ఖాళీ చూపించి కప్పేస్తుంది. 'దొరకలేదు' అన్న ఒక్కదాన్నే పట్టుకునే ఇఫ్‌ఎన్‌ఏ క్యాల్క్‌లో ఉంది, అది వాడండి.

ఇక దుకాణం లెక్క. సమ్‌ఇఫ్‌లో కూడాల్సిన కాలమ్ చివర వస్తుంది, ఒకటి కంటే ఎక్కువ షరతులు పెట్టగల సమ్‌ఇఫ్స్‌లో మొదట వస్తుంది. రెండోదానిలో రేంజ్‌ల (ఎంచుకున్న సెల్‌ల వరుసల) పొడవు సమానంగా లేకపోతే క్యాల్క్ 502 ఎర్రర్ ఇస్తుంది, అది మన మంచికే. సమ్‌ఇఫ్ మాత్రం నోరు మెదపకుండా ఏదో మొత్తం చూపిస్తుంది. పోల్చాల్సిన అంకె గానీ తారీఖు గానీ హెచ్1 సెల్‌లో ఉందనుకోండి. షరతు కోట్‌లలో ">=హెచ్1" అని రాస్తే సున్నా వస్తుంది, ఎందుకంటే కోట్‌ల లోపల ఉన్న హెచ్1 సెల్ కాదు, ఉత్త అక్షరాలు. ">="&హెచ్1 అని రాయాలి.

ఇంత చేసినా సున్నాయే వస్తుంటే తారీఖులను అనుమానించండి. లొకేల్ (ఏ దేశం పద్ధతిలో తారీఖులు, అంకెలు చదవాలో చెప్పే సెట్టింగు) అమెరికాది ఉంటే 13/04/2025 అని కొట్టినది తారీఖుగా మారదు, అక్షరాలుగా మిగిలి సెల్‌లో ఎడమవైపు నిలబడుతుంది. 05/04/2025 అయితే ఇంకా ప్రమాదం, ఏప్రిల్ 5 కాస్తా మే 4 అవుతుంది. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి లొకేల్‌ను ఇంగ్లిష్ (ఇండియా) చేసి, ముందు కొట్టిన తారీఖులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి. ఈ వెతుకులాటలో క్యాల్క్‌కు ఒక మంచి సాయం ఉంది. కంట్రోల్, ఎఫ్8 కలిపి నొక్కితే అంకెలు నీలంగా, ఫార్ములాలు ఆకుపచ్చగా, అక్షరాలు నల్లగా మారతాయి. అంకెల కాలమ్‌లో నల్లగా ఏది కనిపిస్తే అదే దొంగ. ఈ ఒక్క సదుపాయానికే క్యాల్క్‌కు అదనపు మార్కులు వేయొచ్చు.

ఎక్సెల్ నుంచి వచ్చినవాళ్లకు అంతుపట్టనిది టూల్స్, ఆప్షన్స్, లిబ్రెఆఫీస్ క్యాల్క్, క్యాలిక్యులేట్ పేజీలో ఉంటుంది. వెతికే మాట సెల్ మొత్తానికీ సరిపోవాలా అన్న టిక్కు అక్కడ ఉంది. అది తీసేసి ఉంటే 'పాస్' అని అడిగినప్పుడు 'పాస్ కాలేదు' కూడా లెక్కలోకి వస్తుంది. దాని కిందే వైల్డ్‌కార్డులా, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లా, రెండూ వద్దా అన్న ఎంపిక. రెండూ కొన్ని గుర్తులకు ప్రత్యేక అర్థమిచ్చి వెతికే పద్ధతులే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఎంచుకుని ఉంటే 'బియ్యం (25 కేజీ)' అన్న సరుకు కౌంట్‌ఇఫ్‌కు దొరకదు, బ్రాకెట్లకు అక్కడ వేరే అర్థం. వైల్డ్‌కార్డులుంటే '10*12' అన్న సైజులో నక్షత్రం 'మధ్యలో ఏదైనా' అని అర్థమిస్తుంది. దాని ముందు టిల్డా (~) గుర్తు పెట్టాలి. ఈ ఎంపికలు ఫైలుతోపాటు నిలిచి ఉంటాయి, కాబట్టి ఒక ఫైలులో సరిగ్గా వచ్చిన ఫార్ములా ఇంకో ఫైలులో తేడా రావచ్చు.

తెలుగు పేర్లతో పనిచేసేవాళ్లకు ఒక మాట. మాట పొడవు చెప్పే లెన్, మొదటి అక్షరాలు తీసే లెఫ్ట్ మనం పలికే అక్షరాలను లెక్కపెట్టవు. 'తెలుగు' పొడవు 6 అంటుంది లెన్, గుణింతపు గుర్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. 'శ్రీను' నుంచి మొదటి అక్షరం తీయమంటే ఉత్త 'శ' ఇస్తుంది. ఇంటి పేరు మొదటి అక్షరంతో జాబితా విడగొట్టాలనుకుంటే ఆ అక్షరాన్ని ప్రత్యేక కాలమ్‌లో చేత్తో వేసుకోవడం సులువు. పేర్ల చివర మిగిలిన ఖాళీలను మాత్రం ట్రిమ్ ఫంక్షన్ శుభ్రంగా తీసేస్తుంది.

కొత్తవాళ్లకు కంట్రోల్, ఎఫ్2తో తెరుచుకునే ఫంక్షన్ విజార్డ్ బాగుంటుంది. ఏ ఖాళీలో ఏం పెట్టాలో చెబుతుంది, దానిలోని స్ట్రక్చర్ ట్యాబ్‌లో ఏ ఫంక్షన్ దేని లోపల ఉందో కొమ్మలుగా కనిపిస్తుంది. పొడవాటి ఫార్ములాలో ఒక ముక్కను ఎంచుకుని ఎఫ్9 నొక్కితే ఆ ముక్క జవాబు విడిగా చూపిస్తుంది. కండిషనల్ ఫార్మాటింగ్ (షరతును బట్టి సెల్‌కు రంగు వేయడం) పర్వాలేదు. ఎక్సెల్‌లోలా రంగును నేరుగా ఎంచుకోవడం కాకుండా ఇక్కడ స్టైల్ (రంగు, అక్షరాల తీరు కలిపి పేరు పెట్టుకున్న అమరిక) తయారుచేసుకోవాలి, మొదట్లో చిరాకు. వరుసలను కాపీ చేసి అతికించేకొద్దీ షరతుల రేంజ్‌లు ముక్కలవుతాయి. ఫార్మాట్, కండిషనల్, మేనేజ్‌లోకి వెళ్లి అప్పుడప్పుడు చక్కదిద్దాలి.

ఫోన్లోనే లెక్కలు రాసుకునేవాళ్లకు, ఒకే షీటులో నలుగురు ఏకకాలంలో పనిచేసే చోట ఇది సరిపడదు, అక్కడ గూగుల్ షీట్స్ తీసుకోండి. ఒక కంప్యూటర్, ఒక గుమస్తా ఉన్నచోట క్యాల్క్ నిక్షేపంగా సరిపోతుంది. ఫైలు మీ దగ్గరే ఉంటే క్యాల్క్ సొంత రకమైన ఓడీఎస్‌గా, ఎక్సెల్ వాడేవాళ్లకు పంపాలంటే ఎక్సెల్ రకమైన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేయండి. పంపేముందు ఆ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ కాపీని ఒకసారి తెరిచి మొత్తాలు సరిపోల్చుకోవాలి.