అభిశంసన: ఇంగ్లండు పద్ధతి మేలా, అమెరికా పద్ధతి మేలా?

దేశాధినేతను అభిశంసించే, అంటే చట్టసభలో నేరం మోపి విచారించే, పద్ధతి ఇంగ్లండులో పుట్టిందని తరచుగా చెబుతారు గాని, అది సగమే నిజం. 1376లో ‘గుడ్ పార్లమెంట్’గా పేరుపడిన సభలో కామన్స్ సభ్యులు మూడవ ఎడ్వర్డు రాజు కొలువులోని లాటిమర్ ప్రభువుపైన, లండన్ వర్తకుడు రిచర్డ్ లయన్స్‌పైన నేరాలు మోపగా, ప్రభువుల సభ వారికి శిక్ష విధించింది. కింది సభ అభియోగం మోపడం, పై సభ తీర్పు చెప్పడం అనే ఏర్పాటు అలా మొదలైంది. రాజు మాత్రం దానికి అందడు. 1626లో బకింగ్‌హామ్ ప్రభువును అభిశంసించినప్పుడు మొదటి చార్లెస్ ఏకంగా పార్లమెంటునే రద్దు చేశాడు. 1649లో ఆ రాజునే విచారించవలసి వచ్చినప్పుడు ప్రత్యేక న్యాయస్థానాన్ని ఏర్పాటు చేసి మరణశిక్ష విధించారు.

అధినేతను చట్టబద్ధంగా దించే దారి 1787లో, అమెరికా రాజ్యాంగాన్ని రూపొందించిన ఫిలడెల్ఫియా సభలో ఏర్పడింది. అభిశంసన లేని చోట దుష్టపాలకుణ్ణి వదిలించుకోవడానికి హత్య తప్ప మార్గం ఉండదని, హతుడికి తన నిర్దోషిత్వం నిరూపించుకునే వీలు కూడా మిగలదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడ వాదించాడు. ఈ ఒక్క వాదన చాలు, నేను అమెరికా వైపు మొగ్గడానికి. పైగా ఇంగ్లండులో ప్రభువుల సభ జైలుశిక్ష, మరణశిక్ష కూడా వేయగలిగేది. అమెరికా రాజ్యాంగం పై సభ అయిన సెనేట్ అధికారాన్ని పదవి తొలగింపుకు, ఇకపై పదవులు చేపట్టకుండా నిషేధించడానికి పరిమితం చేసి, నేరశిక్షను న్యాయస్థానాలకు వదిలింది. రాజకీయ తీర్పునూ ప్రాణాన్నీ వేరుచేసిన ఈ విభజనే అసలైన ముందడుగు. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారన్ హేస్టింగ్స్‌పై లండన్‌లో 1788 నుంచి 1795 దాకా సాగిన అభిశంసన విచారణ చివరికి నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది గాని, ఆ ఏడేళ్లను ఎవరు తిరిగి ఇవ్వగలరు?

అమెరికా పద్ధతికీ లోపం ఉంది. సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు వ్యతిరేకంగా 35, అనుకూలంగా 19 ఓట్లు రాగా, ఒక్క ఓటు తేడాతో ఆయన పదవి నిలిచింది. ఇప్పటివరకు సెనేట్ ఏ అధ్యక్షుణ్ణీ తొలగించలేదు.

మన రాజ్యాంగంలోని 61వ అధికరణం రాష్ట్రపతి అభిశంసనకు రాజ్యాంగ ఉల్లంఘన ఒక్కటే కారణమంటుంది. 14 రోజుల నోటీసు, సభలోని నాలుగోవంతు సభ్యుల సంతకాలు, రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అభియోగం ఏ సభలోనైనా మొదలు కావచ్చు. రెండో సభ తానే విచారించవచ్చు, లేదా విచారింపజేయవచ్చు. ఈ చివరి వెసులుబాటు విషయంలో మాత్రం అమెరికా కంటే మన ఏర్పాటే నాకు మెరుగ్గా తోస్తుంది, ఎందుకంటే సాక్ష్యాలను తూచే పనిని, తీర్పుకు ఓటు వేసేవారి చేతి నుంచి తప్పించే అవకాశం అందులో ఉంది.