వేటకూ చేపలకూ మడత గాలిపడవ: ముందు అడుగు చూడండి, తర్వాతే మోటారు

గాలి నింపే పడవ కొనబోయేవాళ్లు మొదట అడిగేది పొడవెంత, ఎన్ని హెచ్‌పీ మోటారు పడుతుంది అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బండి ఆగే చోటు నుంచి నీళ్ల దాకా ఎంత దూరం? ఆ దూరం పడవను మోసేది ఎంతమంది? సంచిలో పట్టే పడవకు అసలు గుణం మోసుకుపోగలగడమే. అది లేకపోతే మిగతా సుగుణాలు ఎన్ని ఉన్నా పడవ అటక దిగదు. బరువును తేల్చేది పొడవుతో పాటు, కొన్నిసార్లు పొడవు కంటే ఎక్కువగా, అడుగు, అంటే పడవ లోపల కాళ్లు పెట్టే నేల. అందుకే ఇక్కడ పడవలను అడుగు రకాన్ని బట్టి విడదీసి చూస్తున్నాం.

లెక్క ఎలా ఉంటుందంటే, రెండున్నర మీటర్ల తెడ్ల పడవ పలకల అడుగుతో 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. ఒక్కరు వీపున వేసుకుని గట్టు దిగిపోవచ్చు. 3.2 మీటర్ల కీల్ పడవ, అంటే పొట్ట కింద నిలువునా గాలి గొట్టం ఉండేది, ప్లైవుడ్ అడుగుతో 45 నుంచి 55 కిలోల దాకా పోతుంది. అదే కొలతలో గాలి డెక్, అంటే గాలి నింపితే గట్టిపడే అడుగు, వేస్తే 35 కిలోల చుట్టూ ఉంటుంది. దాని మీద ఫోర్ స్ట్రోక్ మోటారు 5 హెచ్‌పీది సుమారు 25 కిలోలు, 9.9 హెచ్‌పీది 40 కిలోల దరిదాపు. ఇంధనం, లంగరు, లైఫ్ జాకెట్లు వేరే. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ ఒక్క సంచీ 25 కిలోలు దాటకుండా చూసుకుంటే నడుం దక్కుతుంది. పడవ ఒక సంచి, అడుగు పలకలు ఇంకో సంచి అన్నట్టు విడగొట్టి ఇచ్చే మోడళ్లు ఇందుకే నయం.

ఇక అడుగుల సంగతి.

పలకల అడుగులో అడ్డంగా చెక్క ముక్కలను గుడ్డలో కుట్టి ఉంచుతారు, చాపలా చుట్టేయొచ్చు. బరువు తక్కువ, బిగించే పని లేదు, నిశ్శబ్దంగా ఉంటుంది. కాని నిలబడితే పాదాల కింద పలకల మధ్య సందులు దిగబడతాయి. పడవ కింద నీళ్లు అలలా కదులుతుంటే అడుగూ కదులుతుంది. ఇలాంటి పడవకు పెద్ద మోటారు పెట్టినా లాభం లేదు. అడుగు వంగిపోయి, పడవ నీటి మీదకు లేవకుండా నీళ్లను తోసుకుంటూ పోతుంది. తెడ్లతోనో, 2.5 హెచ్‌పీ లోపు మోటారుతోనో చెరువు, మడుగు, తుంగ దుబ్బుల మధ్య తిరిగేవాళ్లకు ఇది చాలు. కూర్చుని బాతుల కోసం కాచుకునే పనికి ఇంతకంటే మంచిది లేదని మా అభిప్రాయం.

ప్లైవుడ్ అడుగులో 9 నుంచి 12 మి.మీ. మందం పలకలు నాలుగో ఐదో ఉంటాయి. అల్యూమినియం పట్టీలు వాటిని ఒకదానితో ఒకటి కలుపుతాయి, పక్కల నుంచి నిలువు పట్టీలు బిగిస్తాయి. అడుగు గట్టిగా ఉంటుంది కాబట్టి నిలబడి గాలం విసరొచ్చు. కింద కీల్ గొట్టం నిండితే పొట్ట వి ఆకారంలోకి వచ్చి, ఇద్దరు ఎక్కినా 9.9 హెచ్‌పీతో నీటి మీద తేలి పరిగెడుతుంది. ఇబ్బంది అంతా బిగించేటప్పుడే. ముందు ముక్కు పలక, వెనక పలక పెట్టి, చివరన మధ్య రెండు పలకలను ఇంటి పైకప్పులా ఎత్తి నిలబెట్టి, కాలితో అదిమి చదును చేయాలి. ఆ సమయంలో పడవ చుట్టూ ఉండే గాలి ట్యూబుల్లో గాలి ఎక్కువుంటే పలకలు దిగవు, అసలు లేకపోతే అంచులు ముడుచుకుపోతాయి. సగం కంటే తక్కువ గాలే సరైనది. వేళ్లు సందులో పెట్టకండి, పలక దిగేటప్పుడు కొరుకుతుంది. ఇంకో సంగతి, ఇసుక. పలక అంచుకూ ట్యూబుకూ మధ్య చేరిన ఇసుక, పడవ కదిలిన ప్రతిసారీ గుడ్డను రాస్తుంది. ఇలాంటి పడవలు రాయి తగిలి పాడయ్యే దానికంటే ఇలా లోపలి నుంచి అరిగి పాడయ్యేదే ఎక్కువ. విప్పిన ప్రతిసారీ ఆ మూలలు కడగాలి.

గాలి డెక్ అంటే పై పొరనూ కింది పొరనూ లోపల వేల దారాలతో కలిపి కుట్టిన బల్ల లాంటి సంచి. ఆ దారాల వల్లే 0.7 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టినా ఉబ్బకుండా చదునుగా నిలుస్తుంది. మడిస్తే పడవతో కలిపి ఒకే సంచిలో పడుతుంది, మోకాళ్లకు మెత్తగా ఉంటుంది. అయితే 0.7 బార్ రావాలంటే మామూలు కాలి పంపు చాలదు. రెండు దశల ఎలక్ట్రిక్ పంపు గాని, మంచి చేతి పంపు గాని కావాలి. చాలామంది 0.4 దగ్గరే అలిసిపోయి ఆపేసి, అడుగు ఊగుతోందని ఫిర్యాదు చేస్తారు. తప్పు డెక్‌ది కాదు, గాలిది. చేప ముళ్లు, కిందపడిన గాలం దీనికి శత్రువులు. ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిన్న రంధ్రం నుంచైనా గాలి త్వరగా పోతుంది. పైన 5 మి.మీ. రబ్బరు నురుగు చాప పరిస్తే చాలావరకు తప్పుతుంది.

పడవ పొట్టకే శాశ్వతంగా అంటించిన, తక్కువ ఒత్తిడి గాలి అడుగు నాలుగో రకం. బిగించడం సులువు, పంపు తగిలిస్తే పది నిమిషాల్లో సిద్ధం. నిలబడటానికి మాత్రం లాయకీ కాదు. లోపలి అడ్డు పొర ఊడితే అడుగు ఒకచోట బుడగలా లేస్తుంది, దాన్ని ఇంట్లో బాగుచేయడం అయ్యే పని కాదు. చేపల వేటే ముఖ్యమైతే దీని జోలికి పోవద్దంటాం.

పొడవు విషయంలో అట్ట మీద అంకెలు మోసం చేస్తాయి. వెడల్పు 1.5 మీటర్లు అని రాసుంటుంది, ట్యూబు వ్యాసం 40 సెం.మీ. రెండు పక్కలా తీసేస్తే కూర్చునే చోటు 70 సెం.మీ. మాత్రమే. 3 మీటర్ల పడవలో ముక్కు, వెనక కోనలు, మోటారు బిగించే వెనక చెక్క (ట్రాన్సమ్) పోగా లోపలి పొడవు చాలాసార్లు 2 మీటర్ల దరిదాపే మిగులుతుంది. ఇద్దరు మనుషులు, ఒక కుక్క, దీమం బాతుల (బాతులను రప్పించే బొమ్మల) సంచి అందులో ఇమడాలి. కాబట్టి లోపలి కొలతలు అడగండి. ట్యూబు లావు తగ్గించి లోపలి చోటు పెంచిన మోడళ్లూ ఉన్నాయి. వాటికి నీటి పై ఎత్తు తగ్గుతుంది, అల లోపలికొస్తుంది. మోటారుతో తిరిగే మూడు మీటర్ల పడవకు 38 సెం.మీ. కంటే సన్నటి ట్యూబు వద్దు.

గుడ్డ విషయానికొస్తే, ఈ కొలతల్లో ఎక్కువగా దొరికేది పీవీసీయే. లోపల పాలిస్టర్ దారాల వల, రెండు వైపులా పీవీసీ పూత. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చూడండి. ప్రశాంతమైన నీళ్లలో తెడ్ల పడవకు 650 నుంచి 750 సరిపోతుంది. మోడులు, ఆల్చిప్పలు, కోసిన రెల్లు మొదళ్లు ఉన్నచోటికి 850 నుంచి 1100 ఉండాలి, పొట్టకూ ట్యూబుల కిందా అదనపు పట్టీలు ఉండాలి. హైపలాన్ అని పిలిచే సీఎస్‌ఎం రబ్బరు ఎండకూ ఇంధనానికీ పీవీసీ కంటే బాగా తట్టుకుంటుంది. హైపలాన్ పేరుతో దాన్ని తయారుచేసిన డ్యూపాంట్ 2010లో ఉత్పత్తి ఆపేసింది, ఇప్పుడొచ్చేది వేరే తయారీదారుల సీఎస్‌ఎం. బరువు, ఖరీదు రెండూ ఎక్కువ. మడిచి మోసుకెళ్లే పడవకు దానికి డబ్బు పెట్టే బదులు మందమైన పీవీసీ తీసుకోవడం మేలు. దోమల మందుల్లోని డీట్ ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది. చేతికి రాసుకున్న వెంటనే ట్యూబు మీద చెయ్యి ఆనించి కూర్చోకండి. మెరుపు కోసం సిలికాన్ స్ప్రే అసలే కొట్టొద్దు. రేపు ప్యాచ్ వేయాల్సి వస్తే జిగురు పట్టదు.

మోటారు బిగించే వెనక చెక్క, అంటే ట్రాన్సమ్, పొట్టి షాఫ్టుకు 381 మి.మీ., పొడుగు షాఫ్టుకు 508 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఈ పడవలన్నీ దాదాపు పొట్టి షాఫ్టువే. మోటారు పంకా పైన ఉండే అడ్డు రేకు పడవ పొట్టకు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పైకి ఉంటే పంకా గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది. ట్రాన్సమ్ అంచులు చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా పచ్చి చెక్క తగిలితే, మరలు పోయిన రంధ్రాల్లో సీలెంట్ లేకపోతే, నీళ్లు చేరి పొరలు విడిపోతాయి. పడవకు అతికించిన పలక మీద గరిష్ఠ మోటారు శక్తి, బరువు, మనుషుల సంఖ్య, ట్యూబు ఒత్తిడి రాసి ఉండాలి. గాలిపడవల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6185 అని కూడా ఉంటే మంచిది. 4.5 కిలోవాట్ల లోపు మోటారు పడవలు అందులో మొదటి భాగం కిందికి వస్తాయి.

బాతుల వేటకు ఎలక్ట్రిక్ మోటారు నిశ్శబ్దం వల్ల బాగుంటుంది గాని బ్యాటరీ లెక్క ముందే వేసుకోవాలి. 55 పౌండ్ల తోపుడు ఉన్న 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి గంటకు మించి రాదు, బరువు మాత్రం పాతిక కిలోల పైనే. అదే సామర్థ్యం లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 10 నుంచి 14 కిలోలు, సమయం దాదాపు రెట్టింపు.

గాలి ఒత్తిడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ట్యూబులకు సాధారణంగా 0.2 నుంచి 0.25 బార్. బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదు, గేజ్ కావాలి. అరలన్నిటినీ మొదట సగం సగం నింపి, తర్వాత పూర్తి చేయాలి. ఒక అర పూర్తిగా నింపి పక్కది ఖాళీగా వదిలితే మధ్య గోడ మీద ఒత్తిడంతా పడుతుంది. కీల్ గొట్టాన్ని అన్నిటికంటే చివర నింపాలి. గట్టు మీద 30 డిగ్రీల వేడిలో 0.25 కొట్టి చల్లటి నీళ్లలో దింపారనుకుందాం. లోపలి గాలి 15 డిగ్రీలకు దిగితే గేజ్ 0.19 చూపిస్తుంది. లీకు కాదది. పావుగంట ఆగి మళ్లీ కొట్టుకోవాలి. తిరుగు ప్రయాణంలో పడవను ఒడ్డున ఎండలో వదిలితే లెక్క తిరగబడుతుంది. లోపల 50 డిగ్రీలైతే అదే 0.25 కాస్తా 0.33 దాటుతుంది, అతుకులు విడిపోయేది అప్పుడే. ఒడ్డుకు లాగగానే ప్రతి వాల్వు నుంచీ కొంత గాలి వదిలేయండి. హాల్కీ-రాబర్ట్స్ అనే రకం వాల్వుల్లో మధ్య పిన్ను నొక్కి తిప్పితే తెరుచుకుని ఉంటుంది, పైకి లేచి ఉంటే మూసినట్టు. మూత పెట్టే ముందు పొర కింద ఇసుక రేణువు లేదని చూడాలి. వాల్వు నుంచి మెల్లగా గాలి పోతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ రేణువునే.

వేటకు వాడేవాళ్లు రంగు కంటే ముందు చప్పుడు చూసుకోండి. అల్యూమినియం అడుగు మీద బూటు కదిలినా చాలు, దూరానికి వినిపిస్తుంది. తెడ్డు తిరిగే గుంజ దగ్గర కిర్రుమంటే ప్లాస్టిక్ వాషరు వేయాలి. కాల్చేటప్పుడు కూర్చునే ఉండాలి. ఇద్దరుంటే వెన్నుకు వెన్ను పెట్టి, ఎవరి దిక్కు వారిదే. మోటారు నడుస్తుండగా కాల్చడం చాలాచోట్ల చట్టం ఒప్పదు, ఒప్పినా చేయకూడని పని. కుక్క విషయంలో గోళ్లు గుచ్చుకుంటాయన్న భయం 850 గ్రాముల గుడ్డకు అంతగా అక్కర్లేదు. అది నీళ్లలోంచి ఎక్కేటప్పుడే చిక్కు. ముందు కాళ్లు రెండూ ఒకేచోట ట్యూబు మీద వేసి బరువంతా లాగుతుంది. అక్కడ మందపాటి చాప మడిచి వేయండి, మీరు ఎదురు పక్కకు జరగండి.

చేపలకైతే సీట్లు ముందుకూ వెనక్కూ జరిగే రకం తీసుకోండి, స్థిరమైన పట్టీలవి వద్దు. గాలపు కర్ర స్టాండులు ట్యూబుకు అతికించిన మౌంట్ల మీద బిగించేవి కావాలి. లంగరు మూడు కిలోలది ప్రశాంత జలానికి చాలు, తాడు లోతుకు కనీసం మూడు రెట్లు. కొక్కేలు విచ్చుకునే లంగరు గాలిపడవలో ప్రమాదం, రబ్బరు పూత ఉన్న పుట్టగొడుగు ఆకారంది మేలు. ప్రవాహంలో లంగరును ముక్కుకే కట్టాలి. వెనక కడితే ట్రాన్సమ్ కిందికి లాగబడి నీళ్లు దాని మీదుగా లోపలికి దూకుతాయి.

డబ్బు చెల్లించే ముందు పడవను పూర్తిగా నింపించి, ట్రాన్సమ్ రెండు మూలల నుంచి ముక్కు దాకా టేపుతో కొలవండి. రెండు కొలతలూ ఒక్కటే రావాలి. తేడా ఉంటే పడవ నీటిలో ఒక పక్కకు లాగుతుంది. అతుకుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వీలైతే 24 గంటలు అలాగే వదిలి, అదే ఉష్ణోగ్రతలో మళ్లీ గేజ్ పెట్టండి.

పెట్టెలో వచ్చే చిన్న ట్యూబు జిగురుతో వేసిన ప్యాచ్ ఒత్తిడికి ఎక్కువకాలం నిలవదు. గట్టిపరిచే ద్రవం విడిగా వచ్చే రెండు భాగాల పాలీయురేథేన్ జిగురు కొనుక్కోండి. ప్యాచ్ గుండ్రంగా, చిరుగుకు అన్ని వైపులా కనీసం 4 సెం.మీ. ఎక్కువ ఉండేలా కత్తిరించి, రెండు ముఖాలనూ అసిటోన్‌తో తుడవాలి. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. వేలికి అంటీ అంటనట్టు అయ్యాక హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి అతికించి, మధ్య నుంచి అంచులకు రోలర్‌తో గట్టిగా రుద్దాలి. ఒక రోజు గడిచేదాకా గాలి కొట్టకండి, మూడు రోజుల దాకా పూర్తి ఒత్తిడి పెట్టకండి. వర్షం రోజున ఈ పని వద్దు, తేమ తగిలిన జిగురు పొరలా లేచిపోతుంది. సూపర్ గ్లూ అసలు పనికిరాదు, అది గాజులా గట్టిపడి ట్యూబు వంగిన మొదటిసారికే పగులుతుంది.