పాత టూ స్ట్రోక్ ఇంజిన్ టూల్ కిట్ కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బళ్లని మట్టి దారులకీ ఇసుకకీ తగ్గట్టు తయారు చేసుకుని, ఫుల్ ఇంజిన్ పని కూడా సొంతంగా చేసుకునే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ చెప్తున్నాను. 'టూ స్ట్రోక్ స్పెషల్ టూల్ కిట్, 21 పీసులు' అంటూ ఫోన్‌కి వీడియోలు పంపి అమ్ముతున్నవాళ్ల దగ్గర కొనకండి. నేను 4,800 రూపాయలు కట్టి తెప్పించుకున్నాను. సగం ముందు, మిగతా సగం పార్సిల్ కట్టే ముందు, రెండూ యూపీఐలోనే తీసుకున్నారు. బిల్లు అడిగితే 'బాక్సులో ఉంటుంది సార్' అన్నారు. బాక్సులో లేదు.

ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. యమహా తన సర్వీస్ పనిముట్లకి 90890తో మొదలయ్యే నంబర్లు ఇస్తుంది. ఆ కాలం నాటి అసలు పనిముట్లు ఇప్పుడు మామూలు షాపుల్లో కనబడవు. మన అవసరం వాళ్లకి బాగా తెలుసు, అందుకే ఈ వ్యాపారం నడుస్తోంది.

పెట్టె విప్పగానే నాకు అనుమానం వచ్చింది వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్ (వాల్వుల స్ప్రింగుని నొక్కే పనిముట్టు) చూసి. ఆర్‌ఎక్స్ 100 హెడ్‌లో వాల్వులే ఉండవు. పెట్రోలు, గాలి కలిసి లోపలికి వెళ్లేదీ, పొగ బయటికి వెళ్లేదీ సిలిండర్ గోడకున్న పోర్టుల (రంధ్రాల) గుండానే. గాలి లోపలికి వెళ్లే దారిలో పల్చటి రేకుల రీడ్ వాల్వ్ ఉంటుంది గానీ దానికి ఈ పనిముట్టుతో సంబంధం లేదు. ట్యాపెట్ (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేసే తాళం కూడా పెట్టారు. అంటే ఫోర్ స్ట్రోక్ సామాను కలిపి పీసుల లెక్క పెంచారన్నమాట. ఎవరైనా టూ స్ట్రోక్ కిట్ అని చెప్పి ఇవి చూపిస్తే అక్కడితో మాట ఆపేయండి. వాళ్లకి ఇంజిన్ తెలియదు, లేదా మనకి తెలియదని అనుకుంటున్నారు.

అన్నిటికన్నా ప్రమాదమైనది మ్యాగ్నెట్ పుల్లర్, అంటే మ్యాగ్నెట్‌ని ఊడలాగే పనిముట్టు. మ్యాగ్నెట్ అంటే ఇంజిన్‌కి కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం. అది క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర టేపర్ మీద, అంటే కొసకి సన్నబడే భాగం మీద, బిగుసుకుని ఉంటుంది. దాని నడుమ ఉన్న మర (థ్రెడ్) లోకి పుల్లర్ పూర్తిగా ఎక్కాలి, ఆ తర్వాతే మధ్య బోల్టు తిప్పాలి. మరకి వ్యాసం, పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం), తిరిగే దిశ మూడూ కలవాలి. నాకు వచ్చినది పైకి బాగానే మెరుస్తోంది. మా మెకానిక్ చేత్తో తిప్పి చూసి వెంటనే ఆపేశారు. "బాబూ, ఇది రెండు చుట్లే ఎక్కింది. ఇక్కడి నుంచి పానా వేస్తే మ్యాగ్నెట్ మర పోతుంది" అన్నారు. మధ్య బోల్టు కొసని ఆకురాయితో రెండు సార్లు గీస్తే మెత్తగా కోసుకుపోయింది. గట్టిపరచిన ఉక్కు అయితే ఆకురాయి దాని మీద జారిపోతుంది. ఇలాంటి పుల్లర్‌తో మ్యాగ్నెట్ మర పోగొట్టుకుంటే తర్వాత సరైన పుల్లర్ తెచ్చినా పట్టు దొరకదు. అప్పుడు సుత్తి తీస్తారు. సుత్తి దెబ్బకి క్రాంక్ వంగొచ్చు, మ్యాగ్నెట్ ముక్కలు లోపల ఊడిపోవచ్చు. నరసన్నపేటలో తెలిసిన ఒకాయనకి ఇలాంటి కిట్‌తోనే మర పోయింది. పాత మ్యాగ్నెట్ ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నారు.

చాంబర్ (క్రాంక్ ఉండే రెండు ముక్కల ఇంజిన్ పెట్టె) విడదీసే పనిముట్టు కూడా అంతే. దానితో వచ్చిన బోల్టులు ఎం8 (8 మి.మీ.), చాంబర్ మరలు ఎం6 (6 మి.మీ.). ఇది కుదరలేదని స్క్రూడ్రైవర్ దూర్చి చాంబర్ సందు తెరవకండి, దయచేసి. టూ స్ట్రోక్‌లో ఆ చాంబరే గాలినీ పెట్రోలునీ సిలిండర్‌లోకి తోసే పంపు. అతికే అంచు మీద గీత పడితే అక్కడ గాలి లాగుతుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కొత్త పిస్టన్, రీబోర్ (సిలిండర్ లోపల చెక్కించడం) ఖర్చు మొత్తం వృథా.

జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూ బిట్టు అని పెట్టినది మామూలు ఫిలిప్స్ బిట్టే. జపాన్ డిజైన్ స్క్రూల్లో చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. వాటి గాడిలో ఫిలిప్స్ పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే జారి తల చెరిగిపోతుంది. క్లచ్ తిరగకుండా పట్టుకునే క్లచ్ హోల్డర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, పళ్లు పట్టవు.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు 'వాడేశారు కదా సార్, రిటర్న్ ఉండదు'. వాడలేదని ఫొటోలు పంపాను. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

కొనాల్సి వస్తే పీసుల లెక్క చూడకండి. పుల్లర్ మర కొలత, పిచ్, ఏ ఉక్కు అనేవి రాతపూర్వకంగా అడగండి. కాలిపర్ పెట్టి కొలుస్తున్న ఫొటో అడగండి. తప్పించుకునే జవాబు వస్తే డబ్బు పంపొద్దు. క్యాష్ ఆన్ డెలివరీ కుదరకపోతే వదిలేయండి. నా మటుకు నేను మంచి లేత్ షాపుకి మ్యాగ్నెట్ ఉన్న ఇంజిన్‌నే తీసుకెళ్లి, థ్రెడ్ గేజ్‌తో కొలిపించి, ఈఎన్8 రకం ఉక్కు రాడ్‌తో పుల్లర్ చేయించుకున్నాను. ఒక్క పనిముట్టే వచ్చింది గానీ, పూర్తిగా ఎక్కింది, మ్యాగ్నెట్ చక్కగా ఊడి వచ్చింది. క్రాంక్ నొక్కడం (ప్రెస్‌లో విడదీసి మళ్లీ బిగించడం), డయల్ గేజ్‌తో వంకర సరిచూడడం మాత్రం ప్రెస్, వీ బ్లాకులు (క్రాంక్‌ని ఆనించే దిమ్మలు) ఉన్నవాళ్లకే ఇవ్వండి. దానికి కిట్‌లు కొనడం దండగ.

ఇప్పటికే మోసపోయినవాళ్లు పార్సిల్ కవరు, చెల్లింపు వివరాలు, మాట్లాడిన మెసేజీలు జాగ్రత్తగా పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డబ్బు తీసుకుని అసలు సరుకే పంపకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. నేను 1915లో ఫిర్యాదు చేశాను, కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అదే కిట్ మీ ఇంట్లో ఉంటే పుల్లర్‌ని మాత్రం మ్యాగ్నెట్‌కి పెట్టకండి. ముందు చేత్తో తిప్పి, ఎన్ని చుట్లు ఎక్కుతుందో చూడండి.