తలకు అయస్కాంతం పెట్టి కాలు నడిపిస్తమంటే నమ్మకుండ్రి

ఇప్పుడే ఫోన్ చేసిండ్రు, "సార్ ఇంకా 12 సిట్టింగులు మిగిలినయ్, ఎప్పుడొస్తున్రు" అని. సిగ్గు లేదు. హైదరాబాద్ల ఆ టీఎంఎస్ (తలకు అయస్కాంతం కాయిల్ ఆనిచ్చి మెదడును ఉత్తేజపరిచే ట్రీట్‌మెంట్) సెంటరే, పేరు రాయను, ఫోన్ తెరిస్తే యాడ్ వస్తది గద అదే.

మా చెల్లెకు దసరా ముంగట ఎడమ కాలు పడిపోయింది, ఎమ్మారై నార్మల్, మిర్యాలగూడ డాక్టర్ ఎఫ్‌ఎన్‌డీ అని రాసిండు, అంటే మెదడు, నరాలు దెబ్బతినకున్నా మెదడు నుంచి ఒంటికి పోయే సంకేతాలు సరిగ పనిచెయ్యని జబ్బు. అమ్మ జాన్‌పహాడ్ దర్గాకు తీస్కపోదామంటే నవ్విన, చదువుకున్నోణ్ణి గద! నవ్వి ఏం జేసిన? పత్తి అమ్మిన 80 వేలు 20 సిట్టింగుల ప్యాకేజీకి కట్టిన, ఇయ్యాల్టితోని డిస్కౌంట్ అయిపోతదంటే.

మొదటిరోజు చేతి బొటనవేలు అదిరేదాక చూసి పవర్ ఎంతో కొలవాల్నట, ఫిట్స్ ఉన్నయా తలల లోహం ఉందా అని అడగాల్నట. ఇవన్నీ తర్వాత తెలిసినయ్. అక్కడి పిల్లగాడు కాయిల్ ఆనిచ్చి నంబర్ నొక్కిండు, టకటకటక, అయిపోయింది.

8 అయినంక ఫరక్ లేదన్న. కౌంటర్ కాడ పదిమంది ముంగట మేనేజర్ ఏమన్నడో తెలుసా, "మిషిన్ల తప్పు లేదండి, మీ అమ్మాయే యాక్టింగ్ చేస్తుంది, పెండ్లి చెయ్యండి సెట్ అయితది." పైసలు తీసుకునేనాడు రోగం, పనిచెయ్యకుంటే యాక్టింగ్! చెల్లె వీల్‌చైర్ల కూసోని చున్నీ కొస వేలుకు చుట్టుకుంట ఉంది, తల ఎత్తలే. నేను రిఫండ్ గురించి కొట్లాడుతున్న, ముందు ఆ మాటకు వాణ్ణి అడగాల్సింది, అడగలే. బస్సుల అడిగింది, "అన్నా, నేను నిజంగ యాక్టింగ్ చేస్తున్ననా?"

రశీదు వెనక చిన్నగ ఉంది, నో రిఫండ్ అని.

మొన్న సర్కారు దవాఖానల న్యూరో డాక్టర్ నా అరచెయ్యి ఆమె ఎడమ మడమ కింద పెట్టిచ్చి, కుడికాలు లేపమని పైనుంచి ఒత్తిపట్టిండు, అట్ల లేపుతుంటే ఆ పడిపోయిన కాలు మడమ నా చేతిని గట్టిగ నొక్కింది. "బలం ఉందమ్మా, కావాలని కదిలిద్దామంటే మెదడు అందుకుంటలేదు, నటన కాదు" అన్నడు. చెల్లె అప్పుడు ఏడ్సింది. ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ రాసిండు.

యాడ్ల ఎఫ్‌డీఏ (అమెరికాల మందులకు, వైద్య మిషిన్లకు పర్మిషన్ ఇచ్చే సర్కారు సంస్థ) అప్రూవ్డ్ అంటరు, అబద్ధం కాదు, 2008ల డిప్రెషన్‌కు, 2018ల ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని మళ్లమళ్ల వదలని జబ్బు) ఇచ్చిండ్రు. ఎఫ్‌ఎన్‌డీకి కాదు, దీనికింకా పరిశోధనలే నడుస్తున్నయ్. ఏ రోగానికి పర్మిషన్ అని అడగుండ్రి, ప్యాకేజీ పైసలు ముందే కట్టకుండ్రి. నల్గొండ సైడ్ ఎఫ్‌ఎన్‌డీ తెలిసిన ఫిజియో ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.