కుండా, గడియారమా, అంకెలా? దేవుడున్నాడని వాదించడానికి ఏది మేలు?

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. నా స్నేహితుడికి లేదు. వాడు పశువుల డాక్టరు, నేను ఒంగోల్లో లెక్కల మాస్టర్ని. ముప్పయ్యేళ్లుగా ఈ ఒక్క విషయం మీద మా ఇద్దరికీ పొత్తు కుదరలేదు, స్నేహమూ చెడలేదు. కొత్తపట్నం ఒడ్డున ఇసకలో కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడుకున్న సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి.

"ఇంత సృష్టి ఉందంటే చేసినవాడు ఉండడా?" అనే మాట మన ఇళ్లల్లో అమ్మమ్మల దగ్గర్నించి అందరూ అనేదే. విడదీసి చూస్తే అందులో మూడు వాదాలున్నాయి. మూడూ వాడి ముందు పెట్టి చూశాను. ఏది ఎంతవరకు నిలబడిందో రాస్తున్నాను. నాలాగా నమ్మేవాళ్లు ముఖ్యంగా చదవాలని నా కోరిక. ఎందుకంటే మనం ఎక్కువగా వాడేది మూడింట్లోకీ బలహీనమైనదాన్నే.

అదే గడియారం వాదం. 1802లో విలియం పేలీ అనే ఇంగ్లండు మతగురువు రాశాడు. బీడులో నడుస్తుంటే నేల మీద గడియారం కనబడితే, దాని చక్రాలూ స్ప్రింగూ చూసి, ఎవరో ఒకరు ఆలోచించి చేశారంటాం. కన్ను, రెక్క, గుండె గడియారం కంటే ఎంతో నేర్పుగా ఉన్నాయి కదా, వాటినీ ఎవరో చేసే ఉంటారు అంటాడు. వినగానే మనసుకు పట్టేస్తుంది. నాకూ పట్టింది.

ఒకసారి వాడితో పాటు సముద్రం వైపు పల్లెలో ఒక రైతు పశువుల కొట్టానికి వెళ్లాను. ఒంగోలు కోడె. వాడు జ్వరం చూస్తుంటే నేను పక్కన నిలబడ్డాను. దాని డొక్క మీద ఈగ వాలింది. తల తిప్పలేదు, తోక ఊపలేదు. ఈగ వాలిన ఆ అరచేతి మేర చర్మం మాత్రం గబగబా వణికింది, ఈగ లేచిపోయింది. తెల్లటి వెంట్రుకల్ని వేలితో పాయ తీసి చూస్తే అడుగున చర్మం నల్లగా ఉంది. మెడ కింద గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతోంది. "చూడరా, మన ఎండకి ఇంతకంటే బాగా ఎవరు కుట్టగలరు ఈ తోలుని?" అన్నాను.

వాడు నాకు జవాబు చెప్పలేదు. రైతు వైపు తిరిగి, "పెద్దాయనా, దీని తండ్రి ఏ ఆబోతు?" అని అడిగాడు. ఆయన మూడు తరాలు చెప్పాడు. ఏ ఊరి ఆబోతు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారు, మూపురం ఎట్టా ఉండేది, కొమ్ములు ఎంత పొట్టి, నడక ఎట్టాంటిది, అన్నీ నోటికే. అప్పుడు నాతో అన్నాడు: "విన్నావా? వీళ్ల తాతలు మూపురం చెయ్యలా. మంచి మూపురం ఉన్నదానితో ఆవును దాటించారు, మిగతావాటికి విత్తులు కొట్టించారు. చేసినోడు లేడు, ఎంచుకున్నోడు ఉన్నాడు. అడవిలో అయితే ఆ ఎంపిక ఎండా, రోగమూ, ఆకలీ చేస్తాయి."

పరిణామవాదం చెప్పిన డార్విన్ 1859 నాటి తన పుస్తకాన్ని మొదలుపెట్టింది ఇక్కడే. మొదటి అధ్యాయం మనుషులు పెంచుకునే జంతువుల, మొక్కల గురించే. మన ఒంగోలు జాతినే చూడండి. బ్రెజిల్‌కి వెళ్లి అక్కడ 'నెలోర్' అయింది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇక్కడ దుక్కికీ బండ లాగడానికీ పనికొచ్చేదాన్ని ఎంచుకుంటూ వచ్చారు, అక్కడ మాంసానికి. ఒకే రక్తం, ఎంపిక మారింది, రూపం మారుతూ పోయింది.

నా స్నేహితుడు అంతటితో వదల్లేదు. కోడె మెడ మీద చెయ్యి వేసి గొంతు నించి గుండెల దాకా నిమిరాడు. స్వరపేటికకు వెళ్లే నరం ఒకటుంది. తలలోంచి బయల్దేరి, చేరాల్సిన గొంతు పక్కనే ఉన్నా ఆగకుండా, మెడంతా దిగి, ఛాతీలోకి పోయి, గుండె నించి వచ్చే పెద్ద రక్తనాళం కింది నించి చుట్టుకుని, మళ్లీ మెడంతా ఎక్కి గొంతుకు వస్తుంది. మనకూ అంతే, జిరాఫీకీ అంతే. చేపలో ఆ దారి దగ్గరే, నేరుగానే. మెడలు పొడుగయ్యేకొద్దీ నరం కూడా సాగుతూ పోయింది. "గడియారం చేసేవాడు తీగని ఇట్టా లాగుతాడా?" అన్నాడు.

దేవుడి లీల మనకేం తెలుసు అనొచ్చు. కానీ ఆ మాట అన్నామంటే వాదం మనమే వదులుకున్నట్టు. చక్కగా ఉన్నచోట ఆయన ఆలోచన మనకు అర్థమైందనీ, వంకరగా ఉన్నచోట అర్థం కాదనీ రెండూ మనమే అనడం న్యాయం కాదు. కన్ను సంగతి ఎత్తినా ఇంతే. వెలుతురు తగిలితే తెలిసే చర్మపు ముక్క నించి చేప కన్ను లాంటిది తయారు కావడానికి 4 లక్షల తరాల లోపే చాలని 1994లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇద్దరు లెక్క కట్టారు. భూమి వయసుకు అది కొద్దికాలం. అందుకే గడియారాన్ని నేను పక్కన పెట్టేశాను. అది ఓడితే దేవుడు ఓడినట్టు కాదు, ఆ మాట నా స్నేహితుడూ ఒప్పుకుంటాడు. ఓడింది ఆ ఒక్క దారి.

రెండోది కుండ. ఇది మనది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు వెయ్యేళ్ల కిందట న్యాయకుసుమాంజలి అంతా ఈశ్వరుణ్ణి నిరూపించడానికే రాశాడు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, చేసే అనుమానం ఒక్క ముక్కలో ఇది (ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చడం): భూమి మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు కాబట్టి, కుండలాగా. కార్యం అంటే ఒకప్పుడు లేకుండా ఉండి తర్వాత పుట్టినది. అవయవాలు కూడి ఏర్పడిన వస్తువు ఏదైనా అట్టాంటిదే.

దీని బలం ఎక్కడుందో గమనించండి. ఇందులో అందం ఊసు లేదు, నేర్పు ఊసు లేదు. కుండ వంకరగా వచ్చినా కుమ్మరి ఉన్నట్టే. కాబట్టి ఆ నరం దీన్ని ఏమీ చెయ్యలేదు, పరిణామవాదం వచ్చినా దీని జోలికి నేరుగా రాలేదు. పేలీ కంటే ఎనిమిది వందల ఏళ్ల ముందువాడు, పేలీ కంటే జాగ్రత్తగా కట్టాడు.

మరి ఎక్కడ విరుగుతుంది? దీన్ని నా స్నేహితుడు విరగ్గొట్టలేదు, నేనే చెప్పాను. ఆ కొట్టం వెనక కంచె పక్కన ఒక పుట్ట ఉంది. నాగులచవితికి పోసిన పాల చారలు ఎండిపోయి, పసుపూ కుంకుమా వెలిసిపోయి ఉన్నాయి. ఏడో శతాబ్దపు బౌద్ధ పండితుడు ధర్మకీర్తి ఈ అనుమానానికి పుట్టనే అడ్డం పెట్టాడు. కుండ మట్టితో చేసినది, కుమ్మరి చేశాడు. పుట్టా మట్టిదే కదా, అదీ కుమ్మరే చేశాడంటావా? పేరుకి రెండూ మట్టి రూపాలే అయినంత మాత్రాన కర్త వచ్చెయ్యడు. కుమ్మరి చేస్తుండగా చూశాం కాబట్టే కుండను చూసి కుమ్మరి అంటున్నాం. భూమిని ఎవరు చేస్తుండగా చూశాం?

నా స్నేహితుడు వంగి ఆ పుట్ట అంచు పెళ్ల ఒకటి విరిచాడు. లోపల తెల్లటి చెదపురుగులు గజిబిజిగా తిరుగుతున్నాయి. కాసేపటికి ఒక్కొక్కటీ వచ్చి తడిమట్టి ఉండని అంచున అతికించి పోతోంది. లక్షల పురుగుల్లో దేనికీ పుట్ట రూపం తెలియదు. పుట్ట మాత్రం లేస్తుంది.

ఇంకో దెబ్బ రామానుజులవారిది. ఇది విన్న రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. బ్రహ్మసూత్రాలకు రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో ఆయన ఈ అనుమానాన్నే తీసుకుని ఖండించారు. పెద్ద మేడలు చాలామంది కలిసి కడతారు కదా, మరి జగత్తుకు కర్త ఒక్కడే అని అనుమానంతో ఎట్లా తేలుతుంది? మనం చూసిన కర్తలందరికీ శరీరం ఉంది కదా, మరి ఆయనకో? చివరికి, బ్రహ్మం తెలిసేది శాస్త్రం వల్లనే, అంటే వేదం వల్లనే, అనుమానం వల్ల కాదంటారు. 1779లో అచ్చయిన డేవిడ్ హ్యూమ్ సంభాషణల్లోనూ ఈ మాటే వస్తుంది: ఓడను, ఇంటిని, నగరాన్ని చాలామంది కలిసి కడతారు, లోకానికి ఒక్కడే అని ఎలా అంటాం అని. ఒకరు నారాయణుడి పాదాలు పట్టుకున్న ఆచార్యులు, ఇంకొకరు సందేహవాది. వందల ఏళ్ల తేడాతో ఒకే చోట వేలు పెట్టారు.

నైయాయికుల దగ్గర జవాబుంది. పదిమంది కర్తల్ని ఒప్పుకోవడం కంటే ఒక్కణ్ణి ఒప్పుకోవడం లాఘవం అంటారు. "పొదుపు కోసం ఒక్కడు చాలంటే, ఇంకా పొదుపుగా అసలు ఎవరూ లేరనొచ్చు గదా?" అన్నాడు నా స్నేహితుడు. కర్త లేని కార్యం ఉండదన్నాను. "తేలాల్సింది అదే కదబ్బా" అన్నాడు. నిజమే, తేలాల్సింది అదే.

మూడోది అంకెల వాదం, ఈ కాలపుది. విశ్వంలోని కణాల బరువులూ, వాటి మధ్య బలాలూ ఇప్పుడున్న కొలతల్లోనే ఉండబట్టి మనం ఉన్నాం అంటుంది. న్యూట్రాన్ ప్రోటాన్ కంటే దాదాపు 0.14 శాతం బరువెక్కువ. అది తలకిందులై ప్రోటాన్ బరువెక్కువైతే హైడ్రోజన్ నిలవదు. హైడ్రోజన్ లేకపోతే నీళ్లు లేవు, సూర్యుడిలా నిదానంగా కాలే నక్షత్రాలూ లేవు. నక్షత్రాల్లో కార్బన్ ఇంత పుట్టాలంటే దాని కేంద్రకంలో ఫలానా శక్తి స్థాయి ఉండి తీరాలని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ 1953లో ముందే చెప్పాడు. వెతికితే అక్కడే దొరికింది.

దీని బలం ఏమిటంటే, డార్విన్ జవాబు ఇక్కడ పనిచెయ్యదు. ప్రోటాన్లకు పిల్లలు పుట్టవు, మంచివి ఎంచుకోవడానికి. నా స్నేహితుడు మౌనంగా ఉండిపోయింది ఈ ఒక్కచోటే. తర్వాత ఇంకోరోజు సముద్రం దగ్గర పడవలు ఒడ్డుకు లాగుతుంటే అన్నాడు: "తుఫానులోంచి తిరిగొచ్చినోడే గంగమ్మ కాపాడిందని చెప్తాడు. రానోడు చెప్పలేడు. విశ్వాలు ఎన్నో ఉండి, మనం బతకగలిగినదాంట్లోనే మనం ఉన్నామేమో." నేను అన్నాను, తిరిగొచ్చినవాడు బతికున్నాడు కాబట్టే మాట్లాడుతున్నాడన్నది నిజమే, కానీ ఎలా బతికానా అని వాడు అడగడం తప్పెట్లా అవుతుంది? ఆ వేరే విశ్వాల్ని నువ్వూ చూడలేదు కదా?

అయితే దీనికి అసలు దెబ్బ నా సబ్జెక్టులోనే ఉంది, దాచడం నాకిష్టం లేదు. సంచిలోంచి ఎర్రబంతి వచ్చే సంభావ్యత ఎంత అని పిల్లల్ని అడగాలంటే, సంచిలో ఏయే బంతులు ఎన్నున్నాయో ముందు చెప్పాలి. ఈ కొలతలు వేరేగా ఉండే వీలు అసలుందా, ఉంటే ఎంత మేర ఉంది? ఆ సంచి ఎవరూ చూడలేదు. బయటికొచ్చిన బంతి ఒక్కటే. అందుకని 'కోట్లలో ఒక్క అవకాశం' అని ఎవరైనా అంటే, ఆ కోట్లు ఎక్కడివని అడగండి.

ఇన్ని చెప్పాక నా తీర్పు ఇది. సైన్సు తెలిసిన మనిషితో వాదించాలంటే మూడింట్లోకీ అంకెలే మేలు. గెలవకపోవచ్చు, కానీ ఎదుటివాణ్ణి నిజంగా ఆలోచింపజేస్తుంది. ఇద్దరు స్నేహితులు కూర్చుని ఆలోచించడం నేర్చుకోవాలంటే కుండను మించింది లేదు. ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన మాట), హేతువు (దానికి కారణం), ఉదాహరణ విడివిడిగా కనిపిస్తాయి, విరిగితే ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. గడియారాన్ని మాత్రం దయచేసి వదిలేయండి. మన పిల్లలు బయాలజీ చదువుకుంటున్నారు. నరం దారి పుస్తకంలో చూసిన రోజు, గడియారంతో పాటు దేవుణ్ణీ వదిలేస్తారు, వాళ్లకి ఆ రెంటినీ ముడిపెట్టింది మనమే కాబట్టి.

మూడూ గెలిచినా వచ్చేది చేసినవాడొకడు అనే. వాడు దయగలవాడని రాదు, పిలిస్తే పలుకుతాడని రాదు. నాకు దేవుడు అనుమానంలోంచి రాలేదు. మా నాన్న భుజాల మీద మాలకొండ మెట్లెక్కిన శనివారాల్లోంచి వచ్చాడు. గుడి తెరిచేది శనివారమే, ఆ ఒక్కరోజు కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

ఇది చెబితే వాడు అడిగాడు: "అట్టయితే మీ నాన్న ఇంకో మతంలో పుట్టుంటే?" ఆ ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. ఈ శనివారం వాడూ నాతో కొండకి వస్తున్నాడు. కారులో పోనూ రానూ చాలా టైముంది.